‘అర్థం కాలేదు సార్!’

మొఘల్‌పురాలోని ఆ ఇంట్లోకి రెండేళ్ల కిందట బట్టలు నానబెట్టడానికి రెండో బకెట్ వచ్చింది. మొదటిది ఇంటిల్లిపాదిదీ. రెండోది ఒక్క కూతురిది. అప్పుడే ఎంబీబీఎస్‌లో చేరిన కొత్త. అనాటమీ హాల్లో రెండు గంటలు శవం పక్కన నిలబడి వస్తే తెల్లకోటుకే కాదు... దుపట్టాకీ, జడకీ, చివరికి టిఫిన్ డబ్బా పెట్టుకునే సంచికీ ఫార్మలిన్ వాసన పట్టేసేది. తల్లి మాత్రం ఆ బకెట్ దగ్గర ఒక్కసారీ ముక్కు మూసుకోలేదు. పక్కింటివాళ్లు అడిగితే ‘డాక్టర్ చదువు మరి, అలాగే ఉంటుంది’ అనేది, కాస్త గర్వంగానే.

ఆమెను కలవరపెట్టింది వాసన కాదు, డబ్బా. పొద్దున కట్టిచ్చిన ఖిచిడీ సాయంత్రం మూత తీస్తే కట్టినట్టే ఉండేది. ‘ఆకలి లేదు అమ్మీ’ అనేది కూతురు. శవాలను చూసి వచ్చిన పిల్ల కదా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే అనుకుంది తల్లి. వారం గడిచింది. నెల గడిచింది. డబ్బా నిండుగానే వచ్చేది.

ఆ అమ్మాయి పేరుతో మనకు పనిలేదు. చార్మినార్‌కీ శాలిబండకీ నడుమ ఉన్న గల్లీల్లోనే కాదు, మంచిర్యాలలోనో మార్కాపురంలోనో కూడా ఉండొచ్చు. మీ పక్కింట్లోనే ఉన్నా ఆశ్చర్యం లేదు. తండ్రి మగ్గం పని చేస్తారు. పెళ్లి జాకెట్లకూ లెహంగాలకూ జరీ, పూసలు, చమ్కీలూ కుట్టే పని. ముందుగదిలో సగం ఆ మగ్గమే. పాత బస్తీలో ఈ పని తెలిసిన ఇళ్లు చాలానే. అమ్మాయి పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇంటర్ ఇంగ్లిష్ మీడియం. ఒకసారి నీట్ రాసి, సీటు రాక, ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్లీ రాసింది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. ఆ రోజు తండ్రి గల్లీ అంతా మిఠాయి పంచారు. మర్నాటి నుంచీ తల్లి పేరు మారిపోయింది. కూరగాయల బండివాడు కూడా ‘డాక్టర్ సాహెబా కీ అమ్మీ’ అనే పిలవడం మొదలుపెట్టాడు.

అలాంటి ఇంటికొచ్చి, ‘నాకు క్లాసులో ఏమీ అర్థం కావడం లేదు’ అని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి!

చెప్పాలని ప్రయత్నించకపోలేదు. ఇంట్లో కాదు, క్లాసులోనే. అందరూ రాసుకుంటున్నారు. తనకేమో మధ్యలో ఎక్కడో తెగిపోయింది. చేయి ఎత్తింది. దించేసింది. మళ్లీ ఎత్తేలోపు స్లైడు మారిపోయింది. ఆ తర్వాత మొదటి వైవా వచ్చింది. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లికను, అదే బ్రాకియల్ ప్లెక్సస్‌ను, గీసి చెప్పమన్నారు. గీసింది. రాత్రంతా గీసిందే కదా! చెప్పడం దగ్గర ఇంగ్లిష్ అడ్డుపడింది. ‘టెన్త్ ఏ మీడియం?’ అని అడిగారు ఎదుట కూర్చున్నవారు. చెప్పింది. ఆయన ఏమీ అనలేదు, చిన్నగా నవ్వారు. వెనకాల వరసలో ఉన్నవాళ్లూ నవ్వారు. అంతే జరిగింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి క్లాసులో చేయి ఎత్తలేదు.

ఆయన దుర్మార్గుడేం కాదు. బహుశా ఆయన్నీ పాతికేళ్ల కిందట ఎవరో ఇలాగే నిలబెట్టి నవ్వి ఉంటారు. ‘మేం పడలేదా? పడ్డాం కాబట్టే డాక్టర్లమయ్యాం’ అనే మాట వైద్య విద్యలో తరాల నుంచీ చేతులు మారుతోంది. దాన్ని పరిశోధకులు ఈమధ్య లెక్కలు వేసి చూస్తున్నారు. తేలుతున్నదేమంటే... పడ్డవాళ్లందరూ డాక్టర్లు అయ్యారేమో గానీ, అందరూ బాగుండలేదు.

నవ్వు వెనకాల లెక్కలు

2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. నలభైకి పైగా దేశాల్లో లక్షా ఇరవై వేల మందికి పైగా వైద్య విద్యార్థులపై అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. వారిలో 27.2 శాతం మందిలో కుంగుబాటు లేదా దాని లక్షణాలు కనిపించాయి. 11.1 శాతం మందికి చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయి. ఇవి భయపెట్టే అంకెలే. కానీ వీటికన్నా ఆలోచించాల్సింది ఇంకోటుంది. కుంగుబాటు ఉన్నట్టు తేలినవారిలో చికిత్స కోసం వెళ్లింది 15.7 శాతం మందే! రేపు మనకు మందులు రాయబోయేవాళ్లు తమ జబ్బును మాత్రం దాచుకుంటున్నారన్నమాట.

అది వేరే దేశాల సంగతి అనుకోవడానికి లేదు. మన జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు ఆన్‌లైన్‌లో ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఎంబీబీఎస్ వారిలో 27.8 శాతం మంది, పీజీల్లో 15.3 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందని చెప్పారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవారు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీల్లో ఇంచుమించు మూడోవంతు. ఇష్టపడి జవాబిచ్చినవారి లెక్క ఇది కాబట్టి దేశమంతా అచ్చం ఇలాగే ఉందనలేం. అయినా తీసిపారేయగల అంకెలు కావివి.

పీజీల కథ వేరు. వాళ్లది నిద్ర సమస్య. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలోనే రోజుకు పన్నెండు గంటలు, వారానికి 48 గంటలు అని రాసుకున్నారు. ముప్ఫై రెండేళ్ల తర్వాత టాస్క్‌ఫోర్స్, కనీసం 74 గంటలు దాటించొద్దని, వారానికో సెలవు ఇవ్వాలని, రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రపోనివ్వాలని సిఫార్సు చేయాల్సి వచ్చింది. లక్ష్యం 48 నుంచి 74కు పెరిగిందంటే వార్డుల్లో వాస్తవం ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమెకు నిద్ర ఉంది, తిండి ఉంది, ప్రేమించే ఇల్లు ఉంది. లేనిదల్లా ఒక్కటే... ‘అర్థం కాలేదు సార్’ అని మూడు ముక్కలు అనే ధైర్యం.

మాక్లీన్ బడిలో ఉర్దూ

ఈ కథ మొఘల్‌పురాలో జరగడంలో ఒక తమాషా ఉంది. ఇక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే మక్కా మసీదు ఎదురుగా నిజామియా యునానీ ఆసుపత్రి. దాంతోపాటే తిబ్బీ కాలేజీ. అక్కడ యునానీ విద్యార్థులు గుండె గురించీ కాలేయం గురించీ ఉర్దూలో చదువుకుంటారు. ఇటు ప్రిన్సెస్ ఎస్రా ఆసుపత్రి ఉంది. దక్కన్ మెడికల్ కాలేజీ విద్యార్థులు శిక్షణకు వచ్చే ఆసుపత్రి అది. అక్కడ పాఠం ఇంగ్లిష్‌లో, రోగితో మాట దక్కనీలో, ఒక్కోసారి తెలుగులో.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు ఆధునిక వైద్యం ఈ నగరంలో మొదలైందే ఉర్దూలో. 1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మాక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెట్టారు. ఇవాళ కోఠిలో ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. బోధన ఉర్దూలో. స్థానిక కుర్రాళ్లను స్థానికులకు వైద్యం చేసేలా తయారు చేయాలంటే వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలన్న చిన్న లెక్క. తర్వాత 1880లలో ఇంగ్లిష్ వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక మళ్లీ ఉర్దూ. 1948 తర్వాత మళ్లీ ఇంగ్లిష్.

ఇప్పుడు అంతా మాతృభాషలోకి మార్చేస్తే సరిపోతుందా? అంత తేలిక కాదు. మధ్యప్రదేశ్‌లో 2022 అక్టోబరులో హిందీ ఎంబీబీఎస్ పుస్తకాలు విడుదల చేశారు. పరిశోధన పత్రాలు, మందుల వివరాలు, పై చదువులు అన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు ఆ భాష రాకపోతే డాక్టరుకే నష్టం. అయితే ఇంగ్లిష్ నేర్చుకోవాలనడం వేరు, ఇంగ్లిష్ రానివాడికి బుర్ర లేదనుకోవడం వేరు. పదో తరగతిలో ‘షిర్యాన్’, ‘వరీద్’ అని చదివిన పిల్లకు ఆర్టరీ, వీన్ కొత్త పదాలే గానీ కొత్త విషయాలు కావు. తెలుగు మీడియంలో ‘ధమని’, ‘సిర’ అని చదివినవాళ్లకూ అంతే. మన పల్లెల నుంచి వెళ్లి ఇవాళ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కత్తి పట్టినవాళ్లను అడగండి, మొదటి ఏడాది డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివిన కథలు బోలెడు చెబుతారు. ఆ కథల్ని వాళ్లు పాతికేళ్ల తర్వాత నవ్వుతూ చెబుతారు. ఆ ఏడాది మాత్రం నవ్వి ఉండరు.

2019లో ఎంబీబీఎస్ సిలబస్ మార్చినప్పుడు ఈ ఇబ్బందిని కొంత గుర్తించారు. పాఠాలు మొదలుకాక ముందే నెల రోజుల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. అందులో భాష ఉంది, కంప్యూటర్ ఉంది, ఒత్తిడిని తట్టుకోవడం ఉంది. మంచి ఆలోచనే. కానీ కోర్సులో చెప్పింది క్లాసులో కొనసాగకపోతే లాభమేమిటి? ఒత్తిడి మీద ఉపన్యాసం విని వచ్చిన పిల్లను మర్నాడే నిలబెట్టి నవ్వితే?

మగ్గం చుట్టూ నలుగురు

ఇంతకీ పాఠం చెప్పే పద్ధతి మారిస్తే నిజంగా తేడా వస్తుందా? సైన్సు బోధన మీద చాలా గట్టిగా తేలిన విషయాల్లో ఇదొకటి. 2014లో అమెరికన్ పరిశోధకులు సైన్సు, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను పోల్చి చూశారు. మాస్టారు చెప్పుకుంటూ పోవడం, పిల్లలు రాసుకుంటూ పోవడం ఒక పద్ధతి. మధ్యమధ్యలో ఆపి ప్రశ్న వేసి, పిల్లల చేత ఆలోచింపజేసి, చర్చింపజేసేది ఇంకో పద్ధతి. మొదటి దాంట్లో తప్పినవారు సుమారు 34 శాతం. రెండో దాంట్లో సుమారు 22 శాతం. వందమంది క్లాసులో పన్నెండు మంది పిల్లలు గట్టెక్కడమంటే పన్నెండు ఇళ్లలో దీపం వెలిగినట్టే కదా!

2020లో అదే బాటలో ఇంకో సమీక్ష వచ్చింది. ఈ రెండో పద్ధతి వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడుతున్నది ఎవరు? పేద కుటుంబాల పిల్లలు, వెనకబడిన వర్గాలవాళ్లు. మిగతావారితో వాళ్లకు పరీక్ష మార్కుల్లో ఉండే అంతరం మూడోవంతు తగ్గిందట. మొఘల్‌పురా అమ్మాయి లాంటివాళ్ల కోసమే చేసినట్టున్న అధ్యయనం!

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990లలోనే ఇలాంటిదొకటి మొదలుపెట్టారు. ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవాళ్ల వైపు తిరిగి, నీ జవాబు ఎందుకు తప్పో నా జవాబు ఎందుకు ఒప్పో వాదించుకోవాలి. కాసేపటికి మళ్లీ జవాబు. చిత్రం ఏమిటంటే నిన్నగాక మొన్న అర్థం చేసుకున్న పిల్లవాడు పక్కవాడికి ప్రొఫెసరుకన్నా బాగా చెప్పగలడు. ఎక్కడ చిక్కుపడుతుందో వాడికింకా గుర్తుంటుంది మరి.

ఈ సంగతి ముందుగదిలో మగ్గం దగ్గర కూర్చునే ఆ తండ్రికి చెబితే, ‘ఇందులో కొత్తేముంది?’ అంటారేమో. చట్రానికి గుడ్డ బిగించి, చుట్టూ నలుగురు కూర్చుంటారు. కొత్తగా వచ్చిన కుర్రాడిని ఉస్తాద్ తన పక్కన కాదు, ఏడాది పని నేర్చిన కుర్రాడి పక్కన కూర్చోబెడతాడు. కుట్టు తప్పితే దారం తీసేసి మళ్లీ కుట్టడమే. గుడ్డ పాడవకుండా దారం ఎలా తీయాలో ముందు నేర్పుతారు, కుట్టడం తర్వాత. ఉస్తాదులు తిట్టేవాళ్లే, దెబ్బలేసేవాళ్లూ ఉంటారు, ఆ కాలాన్ని పొగడక్కర్లేదు. కానీ తప్పు చేయడం పనిలో భాగమన్నది మాత్రం అక్కడ అందరికీ తెలుసు.

ప్రశ్నలు వేయడంలోనూ రెండు రకాలున్నాయి. నలుగురిలో మాట్లాడుకుని చెప్పమంటే పిల్లలు తేలికపడతారు. ఉన్నట్టుండి పేరు పెట్టి లేపి అడిగితే బిగుసుకుపోతారు. పైకి రెండూ ‘విద్యార్థిని మాట్లాడించడమే’. ఫలితం మాత్రం అడిగే గొంతును బట్టి ఉంటుంది.

తల్లిదండ్రులకు ఇంకో చిన్న హెచ్చరిక. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన ప్రయోగంలో, ఇలా చర్చించి నేర్చుకున్న పిల్లలకు పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. తమకు తక్కువ వచ్చిందని అనుకున్నదీ వాళ్లే! గడగడా చెప్పే ఉపన్యాసం వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. సొంతంగా తన్నుకులాడితే ఏమీ రానట్టుంటుంది. ‘ఆ సార్ ఏమీ చెప్పడు, అన్నీ మమ్మల్నే అడుగుతాడు’ అని మీ పిల్లలు విసుక్కుంటే వెంటనే కాలేజీకి ఫోన్ చేయకండి.

మార్కుల సంగతీ అంతే. అమెరికాలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో 2009 నుంచి తొలి రెండేళ్లకు ర్యాంకులూ గ్రేడ్లూ తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. క్లాసు గంటలు దాదాపు పదో వంతు తగ్గించారు. పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన బాగా తగ్గాయి. చదువు పడిపోలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు పిల్లలకు ‘గట్టిగా ఉండండి’ అని చెప్పి ఊరుకోలేదు, కాలేజీని మార్చారు. మన దగ్గర యోగా దినం నాడు అందరినీ చాపల మీద కూర్చోబెట్టి ఫొటో తీయించడంతో ఒత్తిడి సంగతి అయిపోయిందనుకునే కాలేజీలు తక్కువేం కాదు. యోగా మంచిదే. కానీ సాయంత్రం యోగా చెప్పించి, పొద్దున వైవాలో ఏడిపిస్తే ఎలా?

నానీ వేసిన ప్రశ్న

ఆ అమ్మాయికి దారి దొరికింది రెండో ఏడాదిలో. కొత్తగా వచ్చిన ఒక మేడమ్, చిన్న వయసే, ట్యుటోరియల్‌కు వచ్చిన పిల్లల్ని నలుగురేసి చొప్పున కూర్చోబెట్టారు. పాఠం మొదలెట్టక ముందే తలా ఒక చీటీ ఇచ్చి, ‘పేరు రాయొద్దు. పోయిన పాఠంలో ఏది అర్థం కాలేదో ఒక్క వాక్యం రాయండి. ఏ భాషలో రాసినా సరే’ అన్నారు. చీటీలు పోగయ్యాయి. మేడమ్ ఒక్కొక్కటీ చదువుతుంటే ఆ అమ్మాయి నోరెళ్లబెట్టింది. కార్పొరేట్ కాలేజీల్లో చదివి, గడగడా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు నిండిన ఆ గదిలో సగం చీటీల్లో తన సందేహమే ఉంది!

అంతా ఒక్కరోజులో మారిపోలేదు. సప్లిమెంటరీ రాసి గట్టెక్కిన పేపరు ఒకటి ఉంది. నిద్రపట్టని రాత్రులు ఇంకా ఉన్నాయి. ఆ చీటీల రోజున ఇంటికొచ్చి, మొదటి ఏడాది వైవాలో జరిగింది తల్లికి చెప్పింది. ఏడాది తర్వాత! తల్లి చాలాసేపు మాట్లాడలేదు. ‘డబ్బా చూసి నాకు తెలుసు బేటా... అడగడానికే భయమేసింది’ అంది చివరికి. అడిగితే చదువు మానేస్తానంటుందేమోనని ఆ భయం. గల్లీ అంతా పంచిన మిఠాయి ఇటు తల్లి నోరూ అటు కూతురి నోరూ ఒకేసారి కట్టేసింది.

పిల్లలు ఇలా మూసుకుపోయినట్టు కనిపిస్తే, తిండి తగ్గితే, ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాట ఒక్కటి వినిపించినా, పరీక్షలయ్యాక చూద్దామనుకోవద్దు. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. టాస్క్‌ఫోర్స్ కూడా వైద్య విద్యార్థులకు ఈ సాయం అందేలా చూడమంది. పిల్లలే కాదు, వాళ్లను చూసి దిగులుపడే అమ్మానాన్నలూ చేయొచ్చు.

ఇప్పుడా అమ్మాయి వార్డులకు వెళ్తోంది. రెండో బకెట్ అవసరం తీరి, మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోయడానికి పనికొస్తోంది. ఇంట్లో నానీకి బీపీ. మందు వేసుకోమంటే ‘ఇవాళ బాగానే ఉంది కదా’ అంటుంది. మొన్నో రాత్రి మనవరాలు ఆమె పక్కన కూర్చుని గుండెలో నాలుగు గదులుంటాయనీ, చెడు రక్తం ఎటు వస్తుందో మంచి రక్తం ఎటు పోతుందో, నాళాలు బిగిస్తే ఆ గోడ మీద ఎంత భారం పడుతుందో దక్కనీలో వివరించింది. తండ్రి మగ్గం మీద చేయి ఆపి వింటున్నారు. పదినిమిషాలు చెప్పాక నానీ తల అడ్డంగా ఊపింది.

‘సమజ్ మే నై ఆయా బేటా. ఫిర్ సే బోల్.’

మనవరాలు నవ్వింది. తండ్రి దగ్గర జాకెట్ డిజైన్లు గీసే కాగితం ఒకటి అందుకుని, పెన్సిల్‌తో మొదటి గది గీయడం మొదలుపెట్టింది.